తాడుకు పడ్డ ముడి

పిల్లలూ,

ఒక పంద్రాగస్టుకు ముందురోజు సాయంత్రం మా బడిలో జరిగిన సంగతి చెబుతాను. జెండా కొయ్యకు కట్టే తాడుకు ఎట్లాగో ముడి పడింది. ఎనిమిదో తరగతి కుర్రవాళ్లిద్దరు దాన్ని విప్పబోయారు. ఒకడు ఇటు కొస పట్టుకున్నాడు, రెండోవాడు అటు కొస పట్టుకున్నాడు. ఇద్దరూ బలం కొద్దీ లాగారు. ముడి ఊడలేదు సరికదా, మరింత బిగిసింది. "నువ్వు వదలరా!" అని వీడు, "ముందు నువ్వు వదులు!" అని వాడు. చేతులు ఎర్రగా కందిపోయినా ఎవడూ వదలలేదు. చివరకు మా బంట్రోతు వచ్చి, "ఒరే అబ్బాయిలూ, మీరిట్లాగే లాగితే రేపు తాడు కోసెయ్యవలసిందే. నువ్వో బెత్తెడు, వాడో బెత్తెడు వదులు చెయ్యండి" అన్నాడు. వాళ్లు వదులు చేశారు. ఆయన ముడిలోకి ఒక మేకు మొన దూర్చి నిమిషంలో విప్పేశాడు.

1962లో ప్రపంచంలోకెల్లా బలమైన రెండు దేశాలు సరిగ్గా ఇట్లాగే ఒక తాడు రెండు కొసలూ పట్టుకుని లాగాయి. ఆ ముడి విప్పడం చేతకాక కోయవలసి వచ్చి ఉంటే, ఎన్ని కోట్లమంది ప్రాణాలు పోయేవో లెక్కకు అందదు. ఈ తాడు పోలిక నేను కల్పించింది కాదు. ఆ రెండు దేశాల నాయకుల్లో ఒకరు రెండోవారికి రాసిన ఉత్తరంలోనే ఉన్నది. ఆ ఉత్తరం దగ్గరకు వద్దాం. ముందు తగాదా ఎట్లా వచ్చిందో తెలుసుకోవాలి.

స్నేహితులు ఎట్లా విడిపోయారు?

ఆ రెండు దేశాలూ అమెరికా, సోవియట్ రష్యా. రెండో ప్రపంచయుద్ధంలో అవి ఒకే పక్షాన నిలబడి హిట్లరుతో పోరాడాయి. 1945 ఏప్రిల్ 25న జర్మనీలో ఎల్బ్ నది దగ్గర పడమటి నుంచి వచ్చిన అమెరికా సైనికులు, తూర్పు నుంచి వచ్చిన రష్యా సైనికులు కలుసుకుని కరచాలనం చేసుకున్నారు. ఆ స్నేహం ఎక్కువకాలం నిలవలేదు.

ఎందుచేతనంటే, ఆ రెండు దేశాలు నడిచే పద్ధతులు వేరు. అమెరికాలో మిల్లులు, గనులు, పొలాలు చాలామటుకు సొంతదారులవి. డబ్బు మదుపు పెట్టినవాడు లాభం వస్తే తీసుకుంటాడు, నష్టం వస్తే భరిస్తాడు. ఏ సరుకు ఎంత తయారు కావాలో గిరాకీని బట్టి తేలుతుంది. దీన్ని పెట్టుబడిదారీ విధానం అంటారు. సోవియట్ రష్యాలో మిల్లులూ గనులూ ప్రభుత్వానివి. పొలాలు చాలామటుకు సమష్టి క్షేత్రాలు. ఏది ఎంత తయారు కావాలో ప్రభుత్వమే ప్రణాళిక వేసి నిర్ణయించేది. దేశాన్ని ఏలేది ఒక్కటే పార్టీ. అది కమ్యూనిస్టు విధానం.

"మీ దేశంలో డబ్బు లేనివాడి గతేమిటి?" అని రష్యా అడిగేది. "మీ దేశంలో నోరు విప్పి మాట్లాడే స్వేచ్ఛ ఏది?" అని అమెరికా అడిగేది. రెండు ప్రశ్నల్లోనూ కొంత నిజం ఉంది. అయితే ఎదుటివాడి ప్రశ్నకు జవాబు ఆలోచించడం మాని, ఎదుటివాణ్ణి చూసి భయపడడం మొదలుపెట్టారు. ఆ యుద్ధంలో రష్యా పక్షాన రెండున్నర కోట్లకు పైగా జనం చనిపోయారు. మళ్లీ ఎవరైనా తమ మీదికి వస్తారేమోనని వారి భయం. తూర్పు ఐరోపా అంతటా రష్యా తన మాట వినే ప్రభుత్వాలను నిలపడం చూసి, మిగతా లోకం కూడా అట్లాగే పోతుందేమోనని అమెరికా భయం. 1949లో అమెరికా తన మిత్రదేశాలతో నాటో అనే కూటమి కట్టింది. 1955లో రష్యా తన మిత్రదేశాలతో వార్సా కూటమి కట్టింది.

అమెరికా 1945లోనే అణుబాంబు తయారుచేసి, జపానులోని హిరోషిమా, నాగసాకి నగరాల మీద వేసింది. 1949లో రష్యా కూడా తన అణుబాంబును పరీక్షించింది. ఇక నేరుగా యుద్ధానికి దిగితే ఇద్దరూ నాశనమౌతారు. కనక ఒకరి మీద ఒకరు తుపాకి పేల్చుకోకుండానే, ఆయుధాలు పోగు చేసుకుంటూ, ఇతర దేశాల యుద్ధాల్లో చెరో పక్షాన చేరుతూ, గూఢచారులను పంపుకుంటూ నలభై ఏళ్లకు పైగా గడిపారు. దీన్నే ప్రచ్ఛన్నయుద్ధం అన్నారు.

అట్లాసు తీసి చూడండి

ఇప్పుడు మీ అట్లాసులో ఉత్తర అమెరికా పటం తెరవండి. అమెరికాకు ఆగ్నేయం మూల ఫ్లారిడా అనే ద్వీపకల్పం బొటనవేలులాగా సముద్రంలోకి చొచ్చుకుని ఉంటుంది. దాని కొసకు దక్షిణంగా ఒక పొడుగాటి దీవి కనిపిస్తుంది. అదే క్యూబా. రెంటికీ మధ్య దూరం 145 కిలోమీటర్లు మాత్రమే.

క్యూబాలో 1959లో ఫిడెల్ కాస్ట్రో నాయకత్వాన విప్లవం జరిగింది. కొత్త ప్రభుత్వానికీ అమెరికాకూ పడలేదు. 1961 ఏప్రిల్‌లో అమెరికా శిక్షణ ఇచ్చి పంపిన క్యూబా ప్రవాసులు ఆ దీవి మీద దాడి చేసి ఓడిపోయారు. అమెరికా మళ్లీ దాడి చేస్తుందని కాస్ట్రో భయపడ్డాడు. సోవియట్ ప్రధాని క్రుశ్చేవ్ ఆయనకు అండగా నిలిచాడు. 1962 వేసవిలో ఓడల మీద రహస్యంగా క్యూబాకు క్షిపణులు, అంటే అణుబాంబులను మోసుకుపోయే రాకెట్లు, పంపడం మొదలుపెట్టాడు.

మరొక పటం కూడా చూడండి. రష్యాకు దక్షిణంగా, నల్లసముద్రానికి ఇవతల టర్కీ దేశం ఉంది. అక్కడ అమెరికా అప్పటికే 15 అణుక్షిపణులను రష్యా వైపు గురిపెట్టి ఉంచింది. "మా గుమ్మం ముందు వాళ్లు పెట్టవచ్చుగాని, వాళ్ల గుమ్మం ముందు మేము పెట్టకూడదా?" అని క్రుశ్చేవ్ వాదం. తప్పొప్పుల మాట అట్లా ఉంచండి. ఎవరి గుమ్మం ముందు ఉన్నది వారికే ప్రమాదంగా కనిపిస్తుంది. ఎదుటివారి గుమ్మం ముందు మనం పెట్టినది మన కంటికి ఆనదు.

పదమూడు రోజులు

1962 అక్టోబరు 14న అమెరికా యు-2 విమానం క్యూబా మీదుగా ఎగిరింది. అది భూమికి ఇరవై కిలోమీటర్ల ఎత్తున ఎగురుతూ నేల మీది వస్తువులను ఫోటో తీయగలదు. ఆ ఫోటోలలో క్షిపణుల స్థావరాలు కనిపించాయి. 16వ తేదీ ఉదయం అధ్యక్షుడు కెన్నెడీకి ఆ సంగతి చెప్పారు. అక్కణ్ణించి 28 వరకూ పదమూడు రోజులు.

వెంటనే విమానాలు పంపి ఆ స్థావరాలను ధ్వంసం చేయాలని కెన్నెడీ సలహాదారులలో కొందరు గట్టిగా చెప్పారు. అట్లా చేస్తే అక్కడున్న రష్యన్లు చనిపోతారు, రష్యా ఊరుకోదు. కెన్నెడీ తొందరపడలేదు. రోజుల తరబడి అందరి మాటా విన్నాడు. చివరకు, క్యూబాకు ఆయుధాలు తెచ్చే ఓడలను సముద్రం మీదే ఆపాలని నిశ్చయించాడు. అంతర్జాతీయ న్యాయం ప్రకారం రేవులను దిగ్బంధం చేయడం యుద్ధచర్య అవుతుంది. కనక దానికి క్వారంటైను అని పేరు పెట్టాడు. అంటువ్యాధి ఉన్న ఓడను రేవులోకి రానివ్వకుండా దూరంగా నిలిపి ఉంచడానికి వాడే మాట అది. ఒక్క మాట మార్చి, ఎదుటివాడికి ఆలోచించుకునే వ్యవధి ఇచ్చాడన్నమాట. 22న ఈ సంగతి టెలివిజన్‌లో ప్రపంచానికి చెప్పాడు. క్వారంటైను 24న అమలులోకి వచ్చింది. క్షిపణులు తెస్తున్న రష్యా ఓడలు ఆ గీత దాటకుండా ఆగిపోయాయి, వెనక్కు మళ్లాయి. అయితే అప్పటికే క్యూబా చేరిన క్షిపణుల మాటేమిటి?

అప్పుడు ఐక్యరాజ్యసమితి తాత్కాలిక ప్రధాన కార్యదర్శిగా ఉన్నది బర్మా దేశస్థుడు ఊ థాంట్. ఆయన ఒకప్పుడు పంతనావ్ అనే ఊళ్లో బడిపంతులు, తరవాత హెడ్మాస్టరు. ఆయన 24న ఇద్దరు నాయకులకూ ఒకే రకమైన ఉత్తరాలు రాశాడు. రెండు మూడు వారాలపాటు మీరు ఆయుధాలు పంపడం ఆపండి, మీరు ఓడలను ఆపడం మానండి, ఈలోగా మాట్లాడుకోండి అని ఆ ఉత్తరాల సారాంశం. కొట్లాడుకునే పిల్లలిద్దరినీ రెండు మూలల్లో కూర్చోబెట్టి, "ముందు ఊపిరి పీల్చుకోండి" అనే పంతులుగారి పద్ధతే అది. నేనూ హెడ్మాస్టరుగా చేసినవాణ్ణి కనక ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు సంతోషం కలుగుతుంది.

ఆ రోజుల్లోనే, అక్టోబరు 20న, మన సరిహద్దులలో చైనాతో యుద్ధం మొదలైంది. మన దేశం చూపంతా హిమాలయాల మీద ఉండగా, ప్రపంచం చూపంతా క్యూబా మీద ఉంది.

26వ తేదీన క్రుశ్చేవ్ కెన్నెడీకి ఒక పెద్ద ఉత్తరం రాశాడు. తాడు మాట అందులోనిదే. మీరూ నేనూ చెరో కొస పట్టుకుని లాగితే యుద్ధమనే ముడి బిగుసుకుంటుంది. వేసినవాడికి కూడా విప్పడం చేతకానంతగా బిగిస్తే, ఇక కోయడమే మిగులుతుంది. కనక లాగడం ఆపడమే కాదు, ముడి విప్పే మార్గం కూడా చూద్దాం అని దాని భావం. క్యూబా మీద దాడి చేయమని మాట ఇస్తే రష్యా ఆయుధాలు అక్కడ ఉండవలసిన అవసరం ఉండదని కూడా సూచించాడు.

అయితే ఆ ఉత్తరం మాస్కోలో అమెరికా రాయబార కార్యాలయానికి చేరింది మొదలు, తర్జుమా అయి, సంకేతలిపిలోకి మారి, ముక్కలు ముక్కలుగా వాషింగ్టన్ చేరేసరికి ఇంచుమించు పన్నెండు గంటలు పట్టింది! వాషింగ్టన్‌లోని రష్యా రాయబారి దోబ్రినిన్ తన జ్ఞాపకాల్లో మరొక సంగతి రాశాడు. ఆయన మాస్కోకు పంపే రహస్య తంతిని తీసుకుపోవడానికి తంతికంపెనీ కుర్రవాడు సైకిలు మీద వచ్చేవాడట. వాడు దారిలో ఎక్కడా ఆగకుండా ఆఫీసుకు వెళ్లాలని వీళ్లు కోరుకోవడమేగాని చేయగలిగింది లేదు. భూమిని బూడిద చేయగల రాకెట్టుకు నిమిషాలు చాలు. భూమిని రక్షించగల ఉత్తరానికి పన్నెండు గంటలు కావాలి. ఈ వింత గుర్తుంచుకోండి.

అన్నిటికంటే చెడ్డరోజు

27వ తేదీ శనివారం. ఉదయం రష్యా రేడియోలో క్రుశ్చేవ్ పేర మరొక ఉత్తరం వినిపించింది. టర్కీలోని మీ క్షిపణులు కూడా తీసెయ్యాలని అందులో ఉంది. మొదటి ఉత్తరం మెత్తన, రెండోది గట్టి. ఏది నమ్మాలి? అదే రోజు క్యూబా మీద ఎగురుతున్న యు-2 విమానాన్ని కూల్చేశారు. దాన్ని నడుపుతున్న మేజర్ ఆండర్సన్ చనిపోయాడు. బదులుకు బాంబులు వేయాలని వాషింగ్టన్‌లో ఒత్తిడి పెరిగింది. కెన్నెడీ ఆగాడు.

అదే రోజు సముద్రం అడుగున జరిగిన మరొక సంగతి చాలా ఏళ్లదాకా లోకానికి తెలియదు. బి-59 అనే రష్యా జలాంతర్గామిని అమెరికా యుద్ధనౌకలు చుట్టుముట్టాయి. పైకి రమ్మని సంకేతంగా చప్పుడు చేసే చిన్న గుండ్లు నీళ్లలోకి వదిలాయి. ఆ సంకేతానికి అర్థమేమిటో లోపలివారికి తెలియదు. లోపల గాలి చాలదు, వేడి భరించరానిదిగా ఉంది, మాస్కో నుంచి కబురు లేదు. పైన యుద్ధం మొదలైందేమోనని అనుమానం. ఆ జలాంతర్గామిలో అణుశక్తి గల టార్పెడో ఒకటి ఉంది. ఆ సంగతి పైనున్న అమెరికన్లకు తెలియనే తెలియదు. అప్పుడు లోపలున్న ఒక అధికారి తరవాత చెప్పినదాని ప్రకారం, కెప్టెన్ సవిత్‌స్కీ కోపంతో ఆ టార్పెడోను సిద్ధం చేయమన్నాడు. ఆయనతో సమానమైన హోదా గల వసీలీ ఆర్ఖిపోవ్ పక్కనే ఉన్నాడు. ఆయన కెప్టెన్‌ను శాంతింపజేశాడు. టార్పెడో పేలలేదు. జలాంతర్గామి మెల్లగా నీటిపైకి తేలింది.

పిల్లలూ, ఆ రోజు లోకం బతకడానికి రాజనీతి ఎంత కారణమో అదృష్టం కూడా అంత కారణం. ఒక ఉక్కపోత గదిలో ఒక మనిషి నిబ్బరంగా ఉండడం కూడా కారణమే.

ముడి ఎట్లా విడింది?

ఆ సాయంత్రం కెన్నెడీ ఒక తెలివైన పని చేశాడు. క్రుశ్చేవ్ రాసిన మెత్తని ఉత్తరానికే బహిరంగంగా జవాబు రాశాడు: మీరు క్షిపణులు తీసెయ్యండి, మేము క్యూబా మీద దాడి చేయం. అదే రాత్రి ఆయన తమ్ముడు రాబర్ట్ కెన్నెడీ, రాయబారి దోబ్రినిన్‌ను రహస్యంగా కలుసుకున్నాడు. టర్కీలోని క్షిపణులు కూడా కొన్ని నెలల్లో తీసేస్తాం, కాని ఈ మాట బయటికి పొక్కకూడదు అని చెప్పాడు.

మర్నాడు, 28న, క్రుశ్చేవ్ క్షిపణులు తీసేస్తున్నట్టు ఒప్పుకున్నాడు. ఉత్తరం మళ్లీ ఆలస్యమౌతుందేమోనని మాస్కో రేడియోలోనే చదివించాడు! అన్నమాట ప్రకారం క్షిపణులు ఓడలెక్కాయి. నవంబరు 20న క్వారంటైను ఎత్తేశారు. 1963 ఏప్రిల్ నాటికి టర్కీలోని క్షిపణులు కూడా చడీచప్పుడూ లేకుండా పోయాయి.

చూశారూ, ఇటు ఒక బెత్తెడు, అటు ఒక బెత్తెడు! లోకానికి మాత్రం క్రుశ్చేవ్ ఒక్కడే వెనక్కు తగ్గినట్టు కనిపించింది. ఆ నింద పడతానని తెలిసీ ఆయన తగ్గాడు. గెలిచామని గొప్పలు చెప్పుకోవద్దని కెన్నెడీ తనవాళ్లను హెచ్చరించాడు. ఓడినవాణ్ణి అవమానిస్తే వాడు మరోసారి తగ్గడు కనక.

ఒక వెలితి కూడా చెప్పాలి. క్యూబా గురించి పెద్దవాళ్లిద్దరూ ఒప్పందం చేసుకున్నారుగాని, క్యూబాను ఎవరూ అడగలేదు. కాస్ట్రోకు చాలా కోపం వచ్చింది. పెద్ద ఏనుగులు సర్దుకున్నా, పోట్లాడుకున్నా కాళ్లకింది గడ్డి సంగతి అడిగేవారు ఉండాలి. అందుకే మన నెహ్రూగారివంటి నాయకులు ఏ కూటమిలోనూ చేరమన్నారు. అణుపరీక్షలు నిలిపివేయాలని నెహ్రూగారు 1954లోనే కోరారు.

ఉత్తరాలకు కొత్త దారి

పన్నెండు గంటల ఆలస్యం ఇద్దరు నాయకులకూ పాఠం నేర్పింది. 1963 జూన్ 20న జెనీవాలో ఒక ఒప్పందం జరిగింది. ఆగస్టు 30 నుంచి వాషింగ్టన్, మాస్కోల మధ్య నేరుగా ఒక తీగ పనిచేయసాగింది. అది లండన్, కోపెన్‌హాగెన్, స్టాక్‌హోమ్, హెల్సింకీల మీదుగా వెళ్లేది. దాన్ని హాట్‌లైన్ అన్నారు.

అది సినిమాల్లో చూపించినట్టు ఎర్ర టెలిఫోను కాదు. మొదట అది టెలిప్రింటరు. ఇక్కడ మీటలు నొక్కితే, అక్కడ కాగితం మీద అక్షరాలు పడతాయి. అమెరికా ఇంగ్లీషులో, రష్యా రష్యన్‌లో పంపేవి. అందుకున్నవారు తర్జుమా చేసుకునేవారు. మాట్లాడే ఫోను ఎందుకు పెట్టుకోలేదు? ఫోనులో మాట తొందరగా జారుతుంది; గొంతులో కోపం వినిపిస్తుంది; తర్జుమాలో పొరపాటు వస్తే దిద్దుకునే వ్యవధి ఉండదు. కాగితం మీది మాటను రెండుసార్లు చదవవచ్చు. మాట త్వరగా చేరాలి, జవాబు నింపాదిగా ఆలోచించి ఇవ్వాలి. ఈ రెండూ కుదిరే యంత్రాన్ని వాళ్లు ఎంచుకున్నారు.

ఆ ఆగస్టు 5నే అమెరికా, రష్యా, బ్రిటన్ మాస్కోలో మరొక ఒప్పందం మీద సంతకాలు చేశాయి. గాలిలో, సముద్రంలో, అంతరిక్షంలో అణుపరీక్షలు చేయబోమని దాని సారాంశం. హాట్‌లైన్ 1967లో పశ్చిమాసియా యుద్ధం వచ్చినప్పుడు పనికొచ్చింది. 1971లో మనకూ పాకిస్తానుకూ యుద్ధం జరిగినప్పుడు కూడా ఆ తీగ మీద ఉత్తరాలు నడిచాయి.

1989లో బెర్లిన్ గోడ తెరుచుకుంది. 1991 డిసెంబరులో సోవియట్ యూనియన్ విడిపోయింది. ప్రచ్ఛన్నయుద్ధం ముగిసిందిగాని ఆ ఆయుధాలు మాయం కాలేదు. నేటికీ తొమ్మిది దేశాల దగ్గర కలిపి సుమారు 12,000 అణ్వాయుధాలు ఉన్నాయి. మన దేశం కూడా ఆ తొమ్మిదింటిలో ఒకటి. కనక ఈ కథ మనకు సంబంధించనిది కాదు. రేపు పెద్దవాళ్లయ్యాక మీలో ఎవరు ఏ గదిలో కూర్చుంటారో ఎవరికి తెలుసు?

ఈ నెల మీరు చేయవలసిన పని: పదిమంది వరసగా కూర్చోండి. మొదటివాడు రెండోవాడి చెవిలో ఒక పొడుగాటి వాక్యం చెప్పాలి. అట్లా చెవిన చెవిన పదోవాడిదాకా పోవాలి. తరవాత అదే వాక్యాన్ని కాగితం ముక్క మీద రాసి చేతులు మార్చండి. రెండు రకాలుగా వచ్చిన వాక్యాలను పక్కపక్కన పెట్టి చూడండి. హాట్‌లైన్‌కు టెలిప్రింటరు ఎందుకు పెట్టారో మీకే తెలుస్తుంది.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఇంట్లో పిల్లలిద్దరు పోట్లాడుకున్నప్పుడు "ఎవరిది తప్పు?" అని అడగడం మన అలవాటు. ఈసారి "ఎవరు ముందు బెత్తెడు వదులుతారు?" అని అడిగి చూడండి. వదిలినవాణ్ణి ఓడినవాడిగా మాత్రం చూడకండి. ఆ రోజు మా బడిలో ముందు ఎవడు వదిలాడో నాకు గుర్తులేదు. మర్నాడు జెండా ఎగిరింది, అది గుర్తుంది.

మీ మాస్టారు